అందరూ మానేసిన రొట్టె

"తలుపు తియ్యి యెప్పె. లోపలే ఉన్నావని నాకు తెలుసు."

సైకిళ్ళ షెడ్డులోంచి జవాబు రాలేదు. నోటినిండా రొట్టె పెట్టుకున్నవాడు జవాబేం చెబుతాడు?

రిక్కె తలుపు తోసింది. గడ్డికోత యంత్రం వెనక, తిరగేసిన సీసాల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు ఆమె మొగుడు. ఒళ్ళో కాగితం పరుచుకున్నాడు. దాని మీద నల్లటి రై రొట్టె ముక్కలు, వాటి మీద మందంగా రాసిన లివర్ పేస్టు, పైన ఊరవేసిన బీట్‌రూట్ ముక్కలు. దొంగతనంగా తినేవాడికి ఇంత సరంజామా అవసరమా అని ఆమెకి ఒళ్ళు మండింది.

"ఇది ఇల్లు కాదు కదా," అన్నాడు యెప్పె గుటక మింగి. "ఇంట్లోకి తేకూడదు అనుకున్నాం. తేలేదు. షెడ్డు బయట ఉంది."

"ఓహో, లాయరుగారు! ఆ చేతులతోనే కదా వచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తావు? ఆ చేతులతోనే కదా పిల్ల కంచం అందిస్తావు?"

"కడుక్కుంటాను."

"గడ్డం కూడా కడుక్కుంటావా? చూడు, ఎంత రొట్టె పొడి ఉందో."

యెప్పె గడ్డం తుడుచుకున్నాడు. పొడి స్వెటర్ మీద రాలింది. దాంతో రిక్కె ముఖం ఇంకా ఎర్రబడింది.

ఎండాకాలం సెలవులకి ముందు డాక్టరు కూతురు డాగ్నీకి సీలియాక్ జబ్బని తేల్చిన రోజునుంచీ ఈ ఇంటి గడప లోపలికి గోధుమ, రై, బార్లీ రావడానికి వీల్లేదు. రిక్కె ఆ వారంలోనే పాత చెక్కపలకలు, రొట్టె కాల్చే యంత్రం, అత్తగారిచ్చిన పులిసిన రై పిండి జాడీ అన్నీ పారేసింది. ఆమె చేసినదాంట్లో తప్పు లేదు. ఆ పిల్ల పేగుకి ఒక్క రవ్వ తగిలినా చాలు, బాగవుతున్నదంతా మళ్ళీ మొదటికొస్తుందన్నారు. కానీ తప్పు లేని పని చేసేవాళ్ళ పక్కన బతకడం కష్టం, అది యెప్పెని అడిగితే చెబుతాడు.

"నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మధ్యాహ్నం తిన్నది ఈ రొట్టే రిక్కె. నీ మొక్కజొన్న రొట్టె తింటుంటే ఇసుక నమిలినట్టుంటుంది నాకు."

"అది రోజూ నమిలేది ఆ ఇసుకే. తొమ్మిదేళ్ళ పిల్ల. ఒక్కసారైనా నోరెత్తిందా?"

యెప్పె చూపు రిక్కె భుజం మీదుగా వెనక్కి పోయింది. చటుక్కున పక్కనున్న టార్పాలిన్ లాగి ఒళ్ళో కాగితం మీద కప్పేశాడు.

సైకిల్ కోసం వచ్చిన డాగ్నీ గుమ్మంలో నిలబడి ఉంది.

"దాచక్కర్లేదు నాన్నా," అంది. "తిను. నేను అటు తిరుగుతాను."

నిజంగానే అటు తిరిగి, కంచె వైపు ముఖం పెట్టి నిలబడింది. జడ చివర రిబ్బను ఊడిపోయి వేలాడుతోంది.

"నువ్వు చూసినా ఫరవాలేదురా తల్లీ..."

"ఫరవాలేకపోతే ఎందుకు దాచావు?"

యెప్పె మళ్ళీ గడ్డం తుడుచుకున్నాడు.

"నేను రాగానే అందరూ ఆపేస్తారు," అంది డాగ్నీ కంచెతోనే. "స్కూల్లో కూడా. టిఫిన్ డబ్బాలు తీసినప్పుడు మా టీచరు తన డబ్బా బల్ల కింద పెట్టుకుని తింటుంది. లివా అయితే, పాపం నీకు వాసన వస్తుందేమో అని వేరే బల్లకి పోయింది. నాకు వాసన వస్తే ఏమవుతుంది? ఏం కాదు. వాళ్ళకి చెబుదామంటే వాళ్ళు దగ్గర ఉండరు."

గాలి వచ్చి టార్పాలిన్ అంచు లేచింది. యెప్పె దాన్ని మోచేత్తో నొక్కిపెట్టాడు. రిక్కె కూతురి రిబ్బను కట్టబోయింది. డాగ్నీ కట్టనివ్వలేదు.

నిజానికి ఒంట్లో డాగ్నీకి బాగానే ఉంది. కడుపునొప్పి పోయింది. బుగ్గలొచ్చాయి. పోయినేటి గౌన్లు పొట్టివైపోయాయి. ఆమెని చూసినవాళ్ళంతా ఎంత బాగైందో అంటున్నారు. బాగవడమంటే ఇలా ఉంటుందని మాత్రం ఆ పిల్లకి ఎవరూ ముందు చెప్పలేదు.

ఈ సాయంత్రం మీద ఆమె పెట్టుకున్న ఆశ ఒకటుంది. సరస్సు ఒడ్డున క్లాసువాళ్ళందరి చలిమంట ఉంది. అక్కడ కొత్త ఆటల జట్ల పేర్లు చదువుతారు. జట్టుకి నలుగురు. నెలకో ఇంట్లో కలుస్తారు, ఆడుకుంటారు, అక్కడే భోంచేసి వస్తారు. డాగ్నీకి తన స్నేహితురాలు కార్లా జట్టులో పడాలని ఉంది. ఎండాకాలం నుంచీ కార్లా వాళ్ళింటికి పోలేదు. వాళ్ళమ్మ పిలవడం మానేసింది. కార్లా పిల్లి పిల్లల్ని పెట్టిందట. వాటిని డాగ్నీ ఫోటోలోనే చూసింది.

"బయల్దేరదామా?" అని వాకిట్లోంచి కేక వినిపించింది. యెప్పె వాళ్ళమ్మ ఈంగర్ కారు ఆపి హారన్ కూడా కొట్టింది.

* * *

కారులో రిక్కె ఒళ్ళో మూత పెట్టిన గిన్నె పట్టుకుని కూర్చుంది. అందులో బియ్యప్పిండి, మొక్కజొన్నపిండి కలిపిన ముద్ద. మా దేశంలో చలిమంటంటే కర్రరొట్టె ఉండాలి కదా, పిండిని పాములా చేసి కర్ర కొసకి చుట్టి నిప్పుల మీద కాల్చుకోవాలి. డాగ్నీది వేరే గిన్నె, వేరే కర్ర. కర్రకి రిక్కె పసుపు రంగు కూడా వేసింది.

"మా చిన్నప్పుడు ఇవన్నీ ఎక్కడివి?" అంది ఈంగర్ స్టీరింగ్ తిప్పుతూ. "పిల్లలు పెట్టింది తినేవాళ్ళు."

"తిని పీలగా ఉండేవాళ్ళు ఈంగర్. మీరు దానికి పేరు పెట్టలేదు, అంతే." రిక్కె అత్తగారిని పేరు పెట్టి పిలవడం మామూలే, ఆ గొంతులో విసురు మాత్రం ఈ మధ్య వచ్చింది.

"నేనేమన్నాను ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. మీరెప్పుడూ ఏమీ అనరు."

"అమ్మా, లైటు పడింది," అన్నాడు యెప్పె. పచ్చ లైటు పడి చాలాసేపైంది.

డాగ్నీ కిటికీలోంచి చూస్తోంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, ఆమె గురించే మాట్లాడుతున్నారు కాబట్టి.

* * *

మంట బాగా అంటుకుని నిప్పులు పడ్డాక పిల్లలంతా చుట్టూ చేరారు. డాగ్నీ కార్లా పక్కన చోటు సంపాదించింది. పసుపు కర్రకి పిండి చుట్టింది. అమ్మ చూపించినట్టే గట్టిగా నొక్కింది. కర్ర నిప్పుల మీదికి చాపింది.

పిండి ఒక్కసారిగా జారి నిప్పుల్లో పడింది.

"అయ్యో!" అని కార్లా నవ్వింది. డాగ్నీ కూడా నవ్వింది. అందరికీ ఒకసారి పడుతుంది కదా.

రెండోసారి చుట్టింది. ఈసారి ముక్కలు ముక్కలుగా రాలింది.

గోధుమపిండిలో సాగే జిగురుంటుంది. కర్రని పట్టుకుని ఉండేది ఆ జిగురే. డాగ్నీ కడుపుకి పడనిది కూడా ఆ జిగురే. వంటింట్లో గిన్నెలో ముద్ద చక్కగా కుదిరింది గానీ కర్రకి చుట్టి చూడాలని రిక్కెకి తట్టలేదు. ఇప్పుడు మంటకి అవతల నిలబడి, చేతులు నలుపుకుంటూ చూస్తోంది.

మూడోసారి పడ్డప్పుడు ఎవరూ నవ్వలేదు. పిల్లలు ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. పెద్దలు కూడా ఆపేశారు. డాగ్నీ ఖాళీ కర్ర పట్టుకుని, నేలకేసి చూస్తూ, నాలుగోసారి గిన్నెలో చెయ్యి పెట్టింది.

అప్పుడు కార్లా వాళ్ళమ్మ హన్నె లేచి చప్పట్లు కొట్టింది. ఆ క్లాసు తల్లిదండ్రుల తరఫున అన్నీ చూసుకునేది ఆమే.

"ఒక్క నిమిషం, అందరూ వినండి. మన క్లాసులో ఒక్కరు కూడా బయట ఉండకూడదని మొదట్నుంచీ అనుకున్నాం. డాగ్నీకి రొట్టె కుదరకపోతే మనకీ వద్దు. ఇవాళ అందరం సాసేజీలే తిందాం. ఏమంటారు? చేతులెత్తండి."

చేతులన్నీ లేచాయి. మావాళ్ళ మంచితనం ఇలాగే ఉంటుంది, చెయ్యెత్తి ఓటు వేసి మరీ మంచిపని చేస్తాం. ఒక తండ్రి అప్పుడే ఎర్రగా కాలిన రొట్టెని కర్రనుంచి తీసి, ఒకసారి ఆశగా చూసుకుని, బకెట్లో పడేశాడు. పిల్లల చేతుల్లోంచి కర్రలు తీసుకున్నారు. బకెట్ నిండింది.

రిక్కె కళ్ళు తుడుచుకుంది. ఇంతమంది తన బిడ్డ కోసం నోరు కట్టుకుంటారని ఆమె అనుకోలేదు.

"నాది అయిపోవచ్చింది తెలుసా," అంది లివా, డాగ్నీ చెవి దగ్గర. "కొంచెం ఆగితే అయిపోయేది."

"నేను అడగలేదు," అంది డాగ్నీ.

"నువ్వు అడగలేదు. కానీ నీ వల్లే."

లివా లేచి పోయింది. కార్లా లేవలేదు గానీ కాలితో ఇసుక గీస్తూ కూర్చుంది. మంట చుట్టూ ఇంతమంది ఉండగా ఆ పిల్ల పడ్డ ఒంటరితనాన్ని చూసినవాళ్ళు ఒక్కరే.

ఈంగర్ తన కర్ర బకెట్లో పెట్టలేదు. చెట్టు మొద్దు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని, తాపీగా తిప్పుతూ కాలుస్తోంది.

"ఈంగర్!" అంది రిక్కె పళ్ళ బిగువున. "అందరూ మానేశారు, చూడలేదా?"

"చూశాను. నేను చెయ్యెత్తలేదు."

"పిల్ల ముందు..."

"పిల్ల ముందే తింటాను. వెనకాల తింటే దొంగతనం."

యెప్పె ఎటో చూశాడు. హన్నె మర్యాదగా నవ్వి ముఖం తిప్పుకుంది. డాగ్నీ మెల్లగా లేచి, మంట చుట్టూ తిరిగి వచ్చి, నాన్నమ్మ పక్కన మొద్దు మీద కూర్చుంది. ఈంగర్ రొట్టె విరిచి నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉంది నాన్నమ్మా?"

"పైన మాడింది. లోపల పచ్చిగా ఉంది. ఇది ఎప్పుడూ ఇంతే, ఎవరూ నిజం చెప్పరు."

డాగ్నీ ఫక్కుమని నవ్వింది. ఆ రోజుకి అదే మొదటి నవ్వు అనిపించేలా నవ్వింది. అవతల నిలబడ్డ రిక్కెకి ఆ నవ్వు వినిపించింది, సంతోషం వెయ్యలేదు.

తర్వాత హన్నె జట్లు చదివింది.

"నాలుగో జట్టు. డాగ్నీ, లివా, ఎల్లెన్... కార్లా."

డాగ్నీ నాన్నమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ జట్టు గురించి మేం చాలా ఆలోచించాం," అని హన్నె కాగితం మడిచింది. "మాలో చాలామందికి భయం. పొరపాటున ఏదైనా తగిలితే? ఏ చెంచాతో ఏం కలిపామో ఏమో? అందుకని ఈ జట్టు ప్రతిసారీ డాగ్నీ వాళ్ళింట్లోనే కలుస్తుంది. అక్కడైతే అంతా సురక్షితం. రిక్కె, నీకు ఇబ్బందేం లేదుగా?"

"ఇబ్బందా!" అంది రిక్కె. "మీరింత ఆలోచిస్తారనుకోలేదు. చాలా చాలా థ్యాంక్స్."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో డాగ్నీ లేచి వెళ్ళడం ఎవరూ గమనించలేదు. సామాన్లు సర్దేటప్పుడు రిక్కె చూస్తే, నీళ్ళ ఒడ్డున డాగ్నీ, కార్లా తలలు దగ్గరగా పెట్టుకుని ఏదో చెప్పుకుంటున్నారు. చూసి ఆమె మనసు కుదుటపడింది.

* * *

"చూశావా, కార్లా నీ జట్టులోనే పడింది!" అంది రిక్కె కారు కదిలాక.

"అవును."

"మరి అలా ఉన్నావేం?"

"ప్రతిసారీ మనిల్లే."

"మనిల్లు బాలేదా?"

"బాగుంది. కానీ నేను రోజూ అందులోనే ఉంటాను కదా."

ముందు సీట్లో ఈంగర్ అద్దంలోంచి చూసింది.

"మనం ఎవరింటికీ వెళ్ళనివాళ్ళం అయిపోయామన్నమాట," అంది ఈంగర్.

"మీరు మాట్లాడకండి. అందరి ముందు నా తల కొట్టేసినంత పని చేశారు."

"పిల్ల నవ్వింది. అది చూశావా?"

"దాని పేగు సంగతి చూసుకోవాల్సింది నేను. నవ్వించి వెళ్ళిపోవడం ఎవరైనా చేస్తారు."

"అమ్మా, రిక్కె, ఇక చాలు," అన్నాడు యెప్పె. ఆ మాటతో నిజంగానే చాలించారు.

* * *

పొద్దున్న ఫోను మోగేసరికి రిక్కె కాఫీ పోస్తోంది. హన్నె.

"రిక్కె! నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కార్లా ఇప్పుడే చెప్పింది. అయినా నిన్ననే ఒక్క మాట చెప్పొద్దూ? మంట దగ్గర అంత రభస చేశాను, నాకే సిగ్గేస్తోంది!"

"ఏం చెప్పింది కార్లా?"

"డాగ్నీకి నయమైందట కదా! కొత్త రక్తపరీక్షలో అంతా తగ్గిపోయిందట."

రిక్కె కాఫీ కూజా బల్ల మీద పెట్టింది. పరీక్షలో తగ్గిన మాట నిజమే. మొన్న డాక్టరు అంకెలు చూపించి మెచ్చుకుంది కూడా. కానీ తగ్గింది రొట్టె మానేసినందుకు. మళ్ళీ తింటే మళ్ళీ పెరుగుతుంది. ఇది జీవితాంతం ఉండేదే. ఆ సంగతి డాగ్నీకి డాక్టరు ఎదుట కూర్చోబెట్టి చెప్పారు. డాగ్నీ తలూపింది.

"మా చెల్లెలి కొడుక్కీ ఇంతే," అంటోంది హన్నె. "చిన్నప్పుడు పాలు పడేవి కావు, పెద్దయ్యాక అదే పోయింది. సరే, రేపు డాగ్నీని పంపించు. కార్లా గంతులేస్తోంది. దాల్చినచెక్క రొట్టెలు చేద్దామనుకుంటున్నాం, పిల్లలే చుడతారు. లివా, ఎల్లెన్ కూడా వస్తున్నారు."

మెట్ల మీద చప్పుడైంది. పైజమాలో డాగ్నీ ఆఖరి మెట్టు మీద నిలబడి ఉంది. ఫోనులో హన్నె గొంతు వంటింటి దాకా వినిపిస్తోంది. పిల్లకి అంతా తెలిసిపోయింది. ఆమె బతిమాలలేదు, ఏడవలేదు. కమ్మీ పట్టుకుని తల్లి నోటికేసి చూస్తోంది.

బల్ల దగ్గరున్న యెప్పె చెంచా కింద పెట్టి, తల అడ్డంగా ఊపాడు. చెప్పెయ్యమన్నట్టో, చెప్పొద్దన్నట్టో రిక్కెకి అర్థం కాలేదు.

ఒక్క మాట చాలు. లేదు హన్నె, నయం కాలేదు, పిల్ల అబద్ధం చెప్పింది. ఆ మాట అంటే ఏమవుతుందో రిక్కెకి తెలుసు. హన్నె చాలా మంచిది. ఎవరికీ చెప్పకుండా మాత్రం ఉండలేదు. సోమవారానికి క్లాసంతా గుండ్రంగా కూర్చుని, డాగ్నీ ఎందుకు అబద్ధం చెప్పిందో అందరం కలిసి అర్థం చేసుకుందాం అంటుంది. జబ్బు పిల్ల అని దూరం జరిగినవాళ్ళు ఇక అబద్ధాల పిల్ల అని జరుగుతారు.

"రిక్కె? వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది." రిక్కె గోడవైపు తిరిగింది. తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది. "ఎన్నింటికి పంపమంటావు?"

హన్నె ఏదో టైము చెప్పింది. ఇంకా ఏవేవో సంతోషంగా చెప్పి పెట్టేసింది. రిక్కె ఫోను పట్టుకుని అలాగే నిలబడింది. వెనక్కి తిరిగితే కూతురి ముఖం వెలిగిపోతూ ఉంటుందని, ఆ వెలుగు చూడడానికే ఈ పని చేశానని, రేపటికి ఏదో ఒక దారి దొరుకుతుందని తనకి తనే చెప్పుకుని తిరిగింది.

డాగ్నీ ముఖంలో రక్తం లేదు.

"అమ్మా," అంది. "నయం కాలేదని నువ్వు చెప్పేస్తావనుకున్నాను."